మసితో దిద్దిన ముఖం

చువా గ్రామం
1972 జులై 12

ఒసేయ్ మియెన్,

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుందని నవ్వావో, వచ్చి చెవి మెలిపెడతాను. దానికి ఎడమచెయ్యి చాలు. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. వంతెన మీద బాంబు పడ్డప్పుడు తెగిపోయిన మిగతా మూడూ నదిలో ఏ చేపలు తిన్నాయో తెలీదు. గాయం మానుతోంది గానీ లేని వేళ్ళు సలుపుతున్నాయి. ఆ విమానం నడిపినవాడికి ఏ రోగం తగిలితే బాగుంటుందా అని రోజుకొకటి ఆలోచించుకుంటూ పొద్దుపుచ్చుతున్నాను. మీ అమ్మకి తిట్లు అయిపోయి, బాంబులకి భయపడి మేం తలదాచుకున్న ఈ ఊరివాళ్ళ దగ్గర కొత్తవి నేర్చుకుంటోంది.

మన పటాల దుకాణం మూయకు. హనోయిలో ఇప్పుడు బియ్యం కొట్టు కన్నా మన కొట్టుకే గిరాకీ ఎక్కువ. సరదాకి అన్న మాట కాదు. యుద్ధంలో పోయిన కొడుకు శవం ఎలాగూ రాదు, తల్లికి పటమైనా ఉండాలి. పెద్దల పీఠం మీద మొహం లేకపోతే పోయినవాడు తన ఇల్లు గుర్తుపట్టలేక వీధులు పట్టి తిరుగుతాడు.

చిన్నప్పటినుంచీ నా కుంచెలు కడిగావు. కడగడం వేరు, పట్టడం వేరు. దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టిన మసే వాడు, బజారు మసిలో ఇసక ఉంటుంది. కుంచె కొన పొట్టిగా కత్తిరించి, పొడి మసి అద్ది, కాగితాన్ని నిమరాలి. గీయకూడదు. మొహంలో గీతలుండవే పిల్లా, వెలుగు అందని చోట్లుంటాయి, అంతే. ఫోటో మీద చిన్న గళ్ళు కట్టు, కాగితం మీద పెద్ద గళ్ళు కట్టు. ఒక గడి వేసేటప్పుడు పక్క గడి సంగతి మరిచిపో. కళ్ళు మాత్రం చివర. ముందే వేస్తే ఆ మనిషి నీ చెయ్యినే చూస్తూ కూచుంటాడు, నీకు వణుకు పుడుతుంది.

ఫోటో లేకుండా వచ్చేవాళ్ళని పంపెయ్. ఆ పని నీకిప్పట్లో రాదు. పైగా పాత ఫోటోలు దాచిన మొహాల పెట్టె మీ అమ్మ దుప్పట్ల మూటలో పడి మాతో వచ్చేసింది. అది లేకుండా ఎవరికి ఏ ముక్కు ఏరిస్తావు, ఏ చెవి జతచేస్తావు?

తమ్ముడి ఉత్తరం వస్తే ముందు మాకు పంపు.

వేళ్ళు పోయినా నోరు పోని మీ నాన్న,
లూక్


హనోయి
1972 జులై 30

నాన్నగారికి,

మీ తిట్లు క్షేమంగా చేరాయి. మూడు పటాలు వేశాను. మొదటిది చూసి ఒక విధవరాలు బల్ల మీద రాగిచెంబు పెట్టి కొట్టింది. "ఇతనా మా ఆయన? మా ఆయన్ని మింగిన పందిలా ఉన్నాడు!" అని వీధంతా వినబడేలా అరిచింది. నేను ఏడవలేదు. మీ కూతుర్ని గదా, "పందులు ఇంత నాజూగ్గా ఉండవమ్మా" అన్నాను. మళ్ళీ వేసిచ్చాను. ఈసారి తిట్టలేదు గాని మెచ్చుకోనూ లేదు.

మంగళవారం మన వెనక వీధిలో బాంబు పడింది. నేను వీధి చివర సిమెంటు గోతిలో దూరి మూత లాక్కున్నాను. పైకి వచ్చేసరికి, మీకు జుట్టు కత్తిరించే తొ మామయ్య కుర్చీ నడిరోడ్డు మీద నిలబడి ఉంది. మామయ్య ముక్కలు ముక్కలుగా ఉన్నాడు. అందరితో పాటు నేనూ చాప పట్టుకుని ఏరాను. ఒక చెయ్యి దొరికింది, దువ్వెన ఇంకా దాన్లోనే ఉంది. వాళ్ళావిడ ఆ దువ్వెన లాక్కుని నా మొహం మీద విసిరి "నువ్వెందుకు బతికున్నావే?" అంది. ఆమెకి కోపం రావడం న్యాయమే అనిపించింది.

ఖోయి ఉత్తరం వచ్చింది, దీనితో పంపుతున్నాను. ముందే చదివేశాను, చెవి తర్వాత మెలిపెట్టుకోండి. దక్షిణాన యుద్ధం జరిగే క్వాంగ్ త్రిలో ఉన్నాడు. రాత్రిపూట నది దాటుతున్నారట. తన ముందు నడిచేవాడు నడుం దగ్గర రెండైపోయినా కాసేపు మాట్లాడాడని రాశాడు. ఆ ముక్క అమ్మకి చదివి వినిపించకండి.

పొడి మసి ముక్కుల్లో నిండి నల్లగా తుమ్ముతున్న మీ కూతురు,
మియెన్


చువా గ్రామం
1972 ఆగస్టు 11

మియెన్‌కి,

ఆ ముక్క మీ అమ్మే చదివింది. నా చేతిలోంచి లాక్కుంది. అప్పట్నుంచి ఎవరు పలకరించినా కత్తిపీట తీస్తోంది. మనకి గది ఇచ్చిన ఇంటావిడ కూడా తక్కువది కాదు. మొగుడు తాగొస్తే కావడి బద్దతో తరుముతుంది. ఇద్దరికీ స్నేహం కుదిరింది, నాకే దిక్కులేదు.

తొ గురించి చదివి భోజనం మానేశాను. వాడు నా తల మీద చెయ్యి వేశాడంటే గంటసేపు అబద్ధాలు చెప్పేవాడు. వాడి పటం నువ్వే వెయ్యి. పెళ్ళి ఫోటో ఉండాలి వాళ్ళింట్లో. అందులో కోటు అద్దెకి తెచ్చింది. ఆ కోటు తీసేసి వాడి తెల్లచొక్కా తొడుగు.

పంది సంగతి: చెంపలు ఉబ్బినట్టు వస్తున్నాయంటే చెవి పక్క నీడ సరిపోలేదన్నమాట. మసి ఒకేసారి దట్టించకు. పలచగా, పొర మీద పొర. తప్పు పోతే అన్నం ముద్దతో అద్ది తియ్యి, రుద్దకు. ఇంకో మాట, పోయినవాళ్ళ మీద జాలిపడి అందం చెయ్యకు. మొగుడికి మెల్లకన్నుంటే పెళ్ళానికి ఆ మెల్లకన్నే కావాలి.

నాన్న


హనోయి
1972 ఆగస్టు 29

నాన్నగారికి,

నాకు పని వచ్చేసింది! గర్వం అనుకుంటే అనుకోండి.

ఖామ్ తియెన్ వీధి నుంచి తెయో అని ఒక ముసలావిడ వచ్చింది. తూటికూర అమ్ముతుంది. ఒక్కగానొక్క కొడుకు బిన్ వసంతంలో యుద్ధంలో పోయాడు. ఇల్లు తగలబడి ఫోటోలన్నీ పోయాయి. మీరు చెప్పినట్టే పంపేద్దామని చూశాను. "ఫోటో లేనిదే నా వల్ల కాదు బామ్మా" అన్నాను. కావడి దింపి గుమ్మంలో కూచుంది. మర్నాడూ వచ్చి కూచుంది. సైరను మోగినా గోతిలోకి దిగలేదు. "పడితే పడనీ. ఆ దొంగముండాకొడుకులు నా కొడుకుని చంపారు, మొహం కూడా చంపారు. ఇంకేం మిగిలింది నాకు?" అంది. చివరికి నేనే రెక్క పట్టుకుని ఈడ్చాను. నన్ను గిల్లింది.

మొహాల పెట్టె లేదు కదా, నోటితో చెప్పించుకుని వేద్దామని కూచున్నాను. "కళ్ళెలా ఉంటాయి?" అంటే "కళ్ళలా ఉంటాయి" అంటుంది. అంతలో అద్దానికి గుచ్చిన ఖోయి ఫోటో చూసింది. సైన్యంలో చేరేముందు తీయించిందే. "ఇవే! ఈ కళ్ళే!" అని అద్దం దగ్గరికి ఉరికింది. సరే, కళ్ళు అందులోంచి తీసుకున్నాను. తర్వాత గడ్డం కూడా అలాగే ఉంటుందంది. చెవులూ అంతే. ముక్కు కొంచెం లావు చెయ్యమంది. చేస్తే, వద్దు, మొదటిదే బాగుందంది. నేనూ ఖోయి మొహం ఎరిగినదాన్ని గనక చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇన్నాళ్ళూ రానిది అప్పుడే వచ్చింది. పెదవి కింద నీడ వేస్తుంటే ఊపిరి తీస్తాడేమో అనిపించింది.

పటం చూసి ముసలావిడ నేలకేసి తల కొట్టుకుంది, నుదురు చిట్లేలా. "వచ్చావా నాయనా, వచ్చావా" అంటూ ఆ నెత్తుటి మొహంతోనే నన్ను ముద్దుపెట్టుకుంది. వీధిలో వాళ్ళందరూ వచ్చి చూశారు. పంది అని తిట్టిన విధవరాలు కూడా వచ్చి "ఇప్పుడు నేర్చుకున్నావు" అంది.

మీరు చూసి ఉంటే బాగుండేది.

మియెన్


చువా గ్రామం
1972 సెప్టెంబరు 6

ఏం చేశావే నువ్వు!

నీకు కళ్ళున్నాయా? మొహాల పెట్టెలో ఉన్నవాళ్ళు ఎవరనుకున్నావు? అందరూ పోయినవాళ్ళు! ఒక్క బతికున్నవాడి కనుబొమ్మ కూడా అందులో లేదు. మా గురువు దగ్గర్నుంచి అదే కట్టడి. బతికున్నవాడి మొహం తీసుకెళ్ళి పీఠం ఎక్కించి అగరొత్తులు వెలిగిస్తే, అన్నం పెట్టి "రా నాయనా" అని పిలిస్తే, ఎవరు వస్తారే? ఆ మొహం ఎవరిదో వాడే వస్తాడు! నా కొడుకు నది దాటుతున్నాడు అక్కడ. ఇక్కడ ఒక ముసల్ది రోజూ పొద్దున్నా సాయంత్రం వాణ్ణి చావులోకి పిలుస్తోంది. పిలిచే దారి వేసిచ్చింది వాడి అక్క.

నీకు చెప్పలేదంటావా? చెప్పాలా ఇది? నిప్పు కాలుతుందని చెప్పాలా?

మీ అమ్మకి తెలీదు. తెలిస్తే కత్తిపీట పట్టుకుని హనోయి దాకా నడుస్తుంది. కోపం పట్టలేక కుడిచేత్తో గోడని గుద్దాను. మానిన గాయం పగిలింది, ఈ కాగితం మీది మరక అదే.

వెళ్ళు. ఇవాళే వెళ్ళు. ఆ పటం తీసుకురా. ఇవ్వకపోతే అద్దం పగలగొట్టి చింపెయ్. ముసల్ది ఏడిస్తే ఏడవనీ. దాని కొడుకు పోయాడు, నా కొడుకు ఇంకా ఉన్నాడు.


చువా గ్రామం
1972 సెప్టెంబరు 9

అమ్మాయీ,

మొన్నటి ఉత్తరం కోపంలో రాశాను. నిద్ర పట్టలేదు. బలవంతం చెయ్యొద్దు. పళ్ళు పట్టుకుని వెళ్ళు, కాళ్ళు పట్టుకో. మొహాల పెట్టె లారీవాడితో పంపుతున్నాను, అందులోంచి వేరే మొహం కూర్చి మార్చి ఇస్తానని చెప్పు. తల్లి మనసు, మెల్లిగా చెప్పాలి. చింపానంటే మాత్రం ఊరుకోను.

నాన్న


హనోయి
1972 సెప్టెంబరు 12

నాన్నగారికి,

ఆరో తేదీ ఉత్తరం అందింది. అందిన గంటలో వెళ్ళాను. మీరు చెప్పినట్టే చేశాను, చూసుకోండి.

ముసలావిడ నన్ను చూసి సంబరపడి టీ పెట్టబోయింది. నేను కూచోలేదు. "బామ్మా, పటంలో తప్పు పడింది, ఇవ్వు" అన్నాను. "తప్పేం లేదు, నిన్న రాత్రి నాతో మాట్లాడాడు" అంది. నేను పీఠం ఎక్కి పటం పట్టుకున్నాను. అంతే, కావడి బద్ద వీపున పడింది. రెండోది నుదుటి మీద. పడ్డాను. పటం నాతోనే పడి అద్దం పగిలింది. ఇద్దరం గాజుపెంకుల మీద దొర్లాం. అరవై దాటిన మనిషి, ఎంత బలమో! నా మణికట్టు కొరికింది. నేను ఆమె జుట్టు పట్టుకుని లాగాను. అవును, లాగాను. ఊడొచ్చింది కూడా. కాగితం నా చేతికి చిక్కింది, చింపడమే తరువాయి. అప్పుడామె పెనుగులాట ఆపేసి, నోట్లో నా నెత్తురుతోనే, "ఒకసారి వాళ్ళు చంపారు. ఇంకోసారి నువ్వు చంపుతావా? కానియ్" అంది.

చింపలేకపోయాను. వీధిలో వాళ్ళు వచ్చి నన్ను బయటికి నెట్టారు. ఒకామె నా మీద ఉమ్మింది. నుదుటికి కుట్లు పడ్డాయి.

ఇక మీకు చెప్పాల్సింది చెబుతాను. తొ మామయ్యకి బతికుండగా ఎవరూ పటం వెయ్యలేదు, పీఠం ఎక్కించలేదు. మరి ఆయన్ని ఎవరు పిలిచారు? మీ వేళ్ళని ఎవరు పిలిచారు? చంపేవాళ్ళు ఆకాశంలో ఉంటే మీరు కొట్లాట పెట్టింది కూరలమ్మే ముసలమ్మతో. ఆ పటం అక్కడే ఉంటుంది. కావాలంటే మీరొచ్చి చింపుకోండి.

మియెన్


చువా గ్రామం
1972 అక్టోబరు 10

అమ్మాయీ,

పోయిన నెల నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. రాసినవన్నీ చింపేశాను. నా రెండో ఉత్తరం ముందు అంది ఉంటే నీ నుదురు పగిలేది కాదు. ఏం చెప్పను, కాలం కానప్పుడు తాడే పామై కరుస్తుంది.

ఇప్పుడు అదంతా వదిలెయ్. ఖోయి రాశాడు! సైనిక ఆసుపత్రిలో ఉన్నాడట, హనోయికి దగ్గరే. "ముఖానికి చిన్న గాయం, కంగారు పడకండి, నడుస్తున్నాను, తింటున్నాను" అన్నాడు. గండం అలా పక్కగా గీసుకుని పోయింది. పటం అక్కడే ఉండనీ, నీదే గెలుపు. మీ అమ్మ కత్తిపీట కింద పెట్టి కోడిని మేపుతోంది. ఇంటావిడ తన చెల్లెలి కూతురు గురించి అప్పుడే మాట కదిపింది, పిల్ల చక్కగా ఉంటుంది. "మా వాడి అందానికి దీటైన పిల్ల కావాలి" అని మీ అమ్మ బెట్టు చేస్తోంది.

నువ్వు వెళ్ళి చూసి, ఎప్పుడు వస్తాడో రాయి.

నాన్న


హనోయి
1972 అక్టోబరు 27

నాన్నా,

ఇది మీరొక్కరే చదవండి. పొలం గట్టుకి వెళ్ళి చదవండి.

చూసి వచ్చాను. మంచాల మధ్య నడుస్తూ ఖోయిని దాటి వెళ్ళిపోయాను. వెనకనుంచి "అక్కా" అన్నాడు. గొంతు వాడిదే. తిరిగి చూశాను.

ఎడమ వైపు లేదు. కన్ను లేదు, చెవి లేదు. చెంప కాలి మెడలోకి కారినట్టు అతుక్కుంది. పెదవి ఆ వైపు పళ్ళ మీద మూత పడదు. మాట్లాడితే చొంగ కారుతుంది, తుడుచుకుంటాడు. భాస్వరం బాంబు. నీళ్ళు పోసినా ఆరదట, ఎముక దాకా మండుతుందట. పక్కవాడు చేతికందిన మట్టితో వాడి మొహం కప్పి, అలాగే వాడి మీద పడి చచ్చాడు. ఇది "చిన్న గాయం."

నేను అరిచాను నాన్నా. అరవకూడదని తెలిసీ అరిచాను. వాడు "చూశావా, అందరూ ఇంతే" అని దుప్పటి కప్పేసుకున్నాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు పటం సంగతి మొత్తం చెప్పాను. మీ కోపంతో సహా. నవ్వాడు, నవ్వితే ఇంకా భయంగా ఉంటుంది. చూస్తానన్నాడు. తీసుకెళ్ళాను. తెయో బామ్మ నన్ను చూసి కావడి బద్ద అందుకుంది. తర్వాత వాణ్ణి చూసి బద్ద దింపేసింది. ఆమె అరవలేదు. "లోపలికి రా బాబూ, నువ్వు కూడా అక్కణ్ణుంచేనా? మా బిన్ నీకు తెలుసా?" అంది.

వాడు పటం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "తెలుసు బామ్మా. ఎప్పుడూ నాతోనే ఉండేవాడు" అన్నాడు. తనే అగరొత్తి వెలిగించి గుచ్చాడు. ఆమె వాడికి గంజి ఇచ్చి, కారకుండా కుడివైపు నుంచి చెంచాతో తాగించింది. బయటికి వచ్చాక "పటం తిరిగి ఇమ్మని అడుగుతానురా" అన్నాను. "ఎందుకు? ఉండనీ. వాడు చచ్చిపోయాడుగా" అన్నాడు.

ఇంటికి రానంటున్నాడు. ఎక్కడైనా రాళ్ళ క్వారీలో పనికి పోతాడట. "నువ్వే అలా అరిచావు, అమ్మ అరిస్తే నేను మళ్ళీ బతకను" అన్నాడు. ఆ మాట వట్టినే అనలేదు. దిండు కింద గాజుపెంకు దొరికింది, తీసేశాను.

ఏం చెయ్యాలో చెప్పండి. నావల్లే అయిందని రాయాలనుకుంటే అది కూడా రాసేయండి.

మియెన్


చువా గ్రామం
1972 నవంబరు 5

అమ్మా మియెన్,

నీవల్లే అని రాయను. రాయాలని ఒక పూట అనిపించింది, దాచను. గట్టు మీద కూచుని ఏడ్చాను. తర్వాత వాడి మీద మంట పోసినవాణ్ణి నోరారా తిట్టాను. తిట్టాల్సింది వాణ్ణి, నీ కుంచెని కాదు.

ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. వాడి పటం వెయ్యి. ఇప్పటి మొహంతో. గళ్ళు కట్టు, ఏ గడీ వదలకు.

నాకు తెలుసు, మనం చచ్చినవాళ్ళనే వేస్తాం, గాయాలు వెయ్యం. ఇది పీఠానికి కాదు. మీ అమ్మకి. ఆవిడ అరుస్తుంది. కన్నతల్లి గనక ఇంకా పెద్దగా అరుస్తుంది. వాడు గుమ్మంలో నిలబడి ఆ అరుపు వింటే వాణ్ణి మనం మళ్ళీ చూడం. అందుకని ఆ అరుపు ముందే అయిపోవాలి. కాగితం మీద అరవనీ. కాగితానికి ఏమీ కాదు.

కాలిన చర్మం మెరుస్తుంది, అక్కడ మసి దాదాపు వద్దు, కాగితం తెలుపే వదులు. మడతల లోపల మాత్రం దట్టంగా. కన్ను పోయిన గుంటని ఒకే నలుపుగా నింపకు, దానికీ అడుగుంటుంది, వెతికి పట్టుకో. పళ్ళు కనిపిస్తే కనిపించనీ. నీ జాలి ఎక్కడైనా ఒక్క పిసరు పడిందా, మీ అమ్మకి అబద్ధం పంపినట్టే, వాడు వచ్చిన రోజు ఆ పిసరు దగ్గరే అరుస్తుంది. బాగున్న కుడివైపు కూడా అంతే శ్రద్ధగా వెయ్యి. ఆవిడ పట్టుకోవడానికి అదొక్కటే చోటు.

నేను ఇంతవరకు ఇలాంటిది వెయ్యలేదు. కాబట్టి ఇందులో గురువుని కాను.

నాన్న


హనోయి
1972 నవంబరు 21

నాన్నా,

పటం చుట్టచుట్టి లారీవాడితో పంపుతున్నాను.

ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. మొదటిసారి కూచున్నప్పుడు మసి గిన్నె నా మీద విసిరి వెళ్ళిపోయాడు. రెండోసారి కంటిగుంట దగ్గరికి వచ్చేసరికి నా మెడ పట్టుకున్నాడు. నొక్కాడు నాన్నా, కళ్ళు బైర్లు కమ్మాయి. వదిలేసి, మళ్ళీ వచ్చి కూచున్నాడు. "వెయ్యి, పూర్తి చెయ్యి" అన్నాడు. నేను వేస్తుంటే ఆ నదిలో ఏం చేశాడో, ఎవరెవర్ని ఎలా చంపాడో చెప్పాడు. అవి నేనెక్కడా రాయను.

పూర్తయ్యాక వాడే చూసుకున్నాడు. అంతకుముందు అద్దం చూసుకోలేదట. "ఇంతేనా? ఇంతకంటే ఘోరం అనుకున్నా" అన్నాడు.

మీరు చెప్పిన చోట జాలి పడలేదు. వేరే ఎక్కడైనా పడిందేమో మీరే చూడండి.

మియెన్


చువా గ్రామం
1972 డిసెంబరు 2

అమ్మాయీ,

పటం విప్పి చూసి, ముందు నేను కూచుండిపోయాను. ఎక్కడా తప్పు పట్టలేకపోయాను.

మీ అమ్మకి అంతా చెప్పి చేతికిచ్చాను. అరిచింది. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. పటాన్ని నేలకేసి కొట్టింది, తొక్కింది. "ఇదెవరు? నా కొడుకేడీ? నా కొడుకుని ఏం చేశారు?" అంటూ గరిటెతో నా తల పగలగొట్టింది. నిలబడి కొట్టించుకున్నాను. కోడి మెడ వట్టి చేతుల్తో విరిచి విసిరేసింది. ఇంటావిడా నేనూ కలిసి పట్టుకుంటే ఇంటావిణ్ణి కరిచింది. అలా చీకటి పడే దాకా అరిచి, గొంతు పోయింది.

మర్నాడు లేచేసరికి పటం ఆవిడ ఒళ్ళో ఉంది. తొక్కిన మట్టి తుడుస్తోంది. కుడివైపు అరచెయ్యి వేసి మూసి ఎడమవైపు చూసేది, ఎడమవైపు మూసి కుడివైపు చూసేది. రోజుల తరబడి అదే పని. ఎప్పుడో చెయ్యి తీసేసి మొత్తం చూడడం మొదలెట్టింది.

నిన్న అన్నం తింటూ ఉన్నట్టుండి, పోయిన గొంతుతోనే, "పెదవి మూత పడదు కదా, వాడికి అన్నం మెత్తగా వండాలి" అంది.

వాణ్ణి పంపు. తలుపు నేను తీద్దామనుకున్నాను, తనే తీస్తానంటోంది.

నాన్న